మగ్గం ఇచ్చి పగ్గం ఇవ్వకపోతే

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో యాభై దగ్గరపడ్డవాళ్లు పిల్లల గురించి చెప్పే మాట తరచూ ఒకేలా ఉంటుంది: "అన్నీ చేసిపెట్టాం, వాడికే పట్టలేదు." ఎందుకు పట్టలేదో పిల్లాడిలో వెతుకుతారు. చాలాసార్లు లోపం ఇచ్చే చేతిలో ఉంటుంది.

1950లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్ ఎరిక్సన్ మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చూపించాడు. ఏడోది నడివయసుది. తన తర్వాత వచ్చేవాళ్లను నిలబెట్టాలన్న తపన ఈ దశలో ముందుకొస్తుంది. దాన్ని జెనరేటివిటీ అన్నాడు. అది కుదరకపోతే మిగిలేది స్తబ్ధత. పిల్లల్ని కన్నంత మాత్రాన ఈ దశ గట్టెక్కినట్టు కాదని ఆయనే స్పష్టంగా రాశాడు. స్తబ్ధతలో పడ్డవాళ్లు తమను తామే ఒక్కగానొక్క బిడ్డలా సాక్కుంటారనీ, ఒంట్లో నలతే వాళ్ల లోకమైపోవచ్చనీ కూడా అన్నాడు. (అరుగు మీద షుగరు, బీపీ అంకెల ముచ్చట్లు విన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అలాగని షుగరున్న ప్రతివాళ్లనూ ఈ గాటన కట్టకండి.) ఆయన చెప్పినదాంట్లో మనకు ఎక్కువ పనికొచ్చేది వేరే ఉంది. పిల్లలకు పెద్దలు ఎంత కావాలో, పెద్దలకు తాము ఒకరికి కావలసినవాళ్లమన్న భావన అంతే కావాలి. పేచీ పుట్టేది ఇక్కడే. కొడుక్కి పని వచ్చేస్తే నాతో పనేముంది అన్న భయం లోపల ఉన్నప్పుడు, నేర్పుతూనే నేర్చుకోనివ్వకుండా చేస్తాం.

1992లో డాన్ మక్ఆడమ్స్, ఎడ్ డి సెయింట్ ఆబిన్ అనే మనస్తత్వ పరిశోధకులు ఈ విషయాన్ని ఇంకా విడమర్చారు. తర్వాతి తరం కోసం చేసే పనిలో మూడు భాగాలున్నాయన్నారు: పుట్టించడం (బిడ్డనే కాదు, ఏదైనా కొత్తది), కాపాడటం, వదిలి అప్పగించడం. మొదటి రెండింటిలో మనవాళ్లకు వంక పెట్టలేం. మూడోదే జరగదు.

వాళ్లు తయారుచేసిన లొయోలా కొలమానంలో 20 వాక్యాలుంటాయి. ఒక్కోదానికి సున్నా నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 60. అది తపనను కొలుస్తుంది. చేతలకు వేరే పట్టీ ఉంది. గడిచిన రెండు నెలల్లో ఫలానా పని ఒక్కసారీ చేయలేదా, ఒకసారి చేశారా, అంతకంటే ఎక్కువా అని అడుగుతుంది. ఇంట్లో వాడుకోవడానికి ఈ రెండోదాని పద్ధతే మేలు, ఎందుకంటే తపన గురించి అడిగితే అందరూ మంచివాళ్లమనే రాసుకుంటారు. నోటుబుక్కులో మూడు నిలువు గీతలు గీసి, రెండు నెలల్లో పిల్లల కోసం చేసినవన్నీ పుట్టించడం, కాపాడటం, అప్పగించడం కింద విడదీయండి. ఫీజు కట్టడం, క్యారేజీ సర్దడం, ఫోను చేసి తిన్నావా అనడం అన్నీ రెండో గడిలోకే పోతాయి. నిర్ణయం పిల్లల చేతికి వెళ్లి, అది మీకు నచ్చకపోయినా వాళ్ల చేతిలోనే ఉండిపోయిన పని మాత్రమే మూడో గడిలో రాయండి.

ఎలా అప్పగించాలన్నదానికి మంచి ఆధారం చిన్నపిల్లల మీద జరిగిన పని నుంచి వచ్చింది. డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ మూడు, నాలుగు, అయిదేళ్ల పిల్లలకు 21 చెక్కముక్కలిచ్చి పిరమిడ్ కట్టించారు. ఆ ఫలితాలు 1976లో అచ్చయ్యాయి. ఈ వరుస పనుల నుంచి వుడ్ తేల్చిన సాయానికి అయిదు మెట్లున్నాయి. మగ్గం మీద పెట్టి చూద్దాం. మొదటి మెట్టు ఊరికే కదపడం: "అంచు ఓసారి చూడు నాన్నా." రెండోది మాటతో గురి చూపించడం: "ఎడమ అంచు దగ్గర పేక గట్టిగా లాగుతున్నావు." (పేక అంటే అడ్డపోగు.) మూడోది ఏ కండె (నూలు చుట్టిన చిన్న గొట్టం) తీసుకోవాలో వేలితో చూపించడం. నాలుగోది అంతా సర్దిపెట్టి, నాడె (కండెను అటూ ఇటూ దాటించేది) విసరడం మాత్రం వాడికి వదలడం. అయిదోది మనమే కూర్చుని నేసి చూపించడం. సూత్రం చిన్నదే: తప్పితే ఒక్క మెట్టు సాయం పెంచు, కుదిరితే ఒక్క మెట్టు తగ్గించు. మన ఇళ్లలో జరిగేది మొదటి మెట్టు నుంచి ఒక్క దూకులో అయిదోదానికి. "లే, నే చేస్తాను" అనగానే వాడు నేర్చుకునేది ఒకటే: ఆగితే నాన్న వస్తాడు.

చేతిపని వచ్చాక కూడా పగ్గం, అంటే నిర్ణయం, పిల్లాడి చేతికి రాదు. దానికో గట్టి కారణముంది, పెద్దల్ని ఊరికే తప్పుపట్టలేం. పడుగు (నిలువుపోగులు) మగ్గానికెక్కాక దాని రంగు మార్చలేం, తప్పు ఎంపిక ఆ పడుగు అయ్యేదాకా వెంట ఉంటుంది. పేక అలా కాదు, కండె మారిస్తే రంగు మారుతుంది. అందుకని అప్పగింత పేకతో మొదలుపెట్టాలి. తర్వాత అంచు, ఆ తర్వాత ఎవరికి అమ్మాలి, ఎంతకి అన్నది. పడుగు చివర. పడుగు అప్పగించే రోజున నష్టం వస్తే ఎవరి భాగం ఎంతో ముందే మాట్లాడుకోవాలి. అది తేల్చుకోకపోతే మొదటి నష్టానికే పగ్గం వెనక్కి లాగేసుకుంటాం. ఒకసారి లాక్కున్నాక రెండోసారి ఇస్తామన్నా పిల్లాడు నమ్మడు. మిల్లు పనికి సూరత్ రైలెక్కడం వాడికి సుఖమనిపిస్తే అందులో వింతేముంది?

ఇక తెలుగు. ఒడియా బడిలో చదివే పిల్లకు తెలుగు రాయించాలని కూర్చోబెట్టి, అక్షరాలే తెలియని పసిదానిలా అ ఆ లు మొదటి నుంచి దిద్దిస్తారు. పదేళ్ల పిల్లకు విసుగు రాక ఏమవుతుంది? దానికి వర్ణమాల వరస ముందే వచ్చు, క ఖ గ ఘ వరస రెండు లిపుల్లోనూ ఒకటే. కొత్తవి ఆకారాలే. రోజుకు పావుగంట, అయిదారు అక్షరాలు, ఒడియా అక్షరం పక్కనే తెలుగుది రాసి జతచేయించండి. ఆ పిల్ల తడబడే చోట్లు వేరు. ఒడియాలో ఎ ఏ లకూ, ఒ ఓ లకూ విడివిడి అక్షరాల్లేవు. కాబట్టి మెడ, మేడ ఒకటే అవుతాయి, దొర, దోర ఒకటే అవుతాయి. ఇ, ఈ లు రాతలో వేరైనా ఒడియా పలుకులో ఆ నిడివి తేడా నిలవదు. ఒడియా వాళ్లు అకారాన్ని పెదవులు గుండ్రంగా చేసి పలుకుతారు, అందుకే 'కల' అని రాసి ఉన్నది 'కొలొ' అయి వినిపిస్తుంది. ఏత్వం ఒడియాలో అక్షరానికి ఎడమ పక్కన పడుతుంది, మనకు నెత్తిమీద. పిల్ల ఎడమ పక్కకు చూసి అక్కడేమీ లేదనుకుని దాటేస్తుంది. ఇలాంటి జంటపదాలు ఓ పది అట్టమీద రాసి గోడకు తగిలిస్తే మిగతా శ్రమ సగం తగ్గుతుంది.

ఇంతా చేసి చెడగొట్టుకునేది నవ్వి. పండక్కి శ్రీకాకుళం వైపు వెళ్తే "మీ గుంట ఒడియా తెలుగు మాట్లాడతందే!" అని చుట్టాలు నవ్వుతారు, మనమూ కలిసి నవ్వుతాం. పిల్ల ఆ తర్వాత నోరు విప్పదు. దీనికి ఈ ఊళ్లలోనే చక్కని దారి చూపించిన మనిషి ఉన్నారు. 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర గిరిజనులకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకున్నారు. బడిలో వాడుక తెలుగు రావాలని పోరు మొదలుపెట్టేనాటికి ఆయన నలభైల్లో ఉన్నారు, సరిగ్గా ఎరిక్సన్ చెప్పిన వయసు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. సవర పని కొడుకు సీతాపతి చేతిలో సాగింది. నోట్లో ఉన్న భాషను తప్పనకుండా అక్కడి నుంచే మొదలుపెట్టిన పద్ధతి మన పిల్లల మిశ్రమ తెలుగుకీ సరిపోతుంది. 'ఒడియా తెలుగు' వినిపిస్తే దిద్దకండి. అదే వాక్యాన్ని మీరు మీ తెలుగులో అని, మాట ముందుకు నడపండి.

పిల్లలు లేనివాళ్లకు ఇదంతా వర్తించదనుకోవద్దు. 1984లో జాన్ కోట్రే అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ జెనరేటివిటీని నాలుగు రకాలుగా విడదీశాడు: కనడం, పెంచడం, పని నేర్పడం, సంస్కృతిని అందించడం. చివరి రెండింటికి సొంత బిడ్డ అక్కర్లేదు, మేనల్లుడో పక్కింటి పిల్లో చాలు.

ఒక వైపు తల్లి మోకాళ్లు, ఇంకో వైపు విశాఖలో కూతురి కోచింగు అన్న ఇరకాటానికి 1981లోనే డొరొతీ మిల్లర్ శాండ్‌విచ్ తరం అని పేరు పెట్టింది. ఆ వయసువాళ్లు ఓపిక లేక మొదట వదిలేసేది నేర్పే పనినే. దాన్ని బామ్మకు అప్పగించండి. తెలుగు బాగా చదవగలిగి రోజంతా ఖాళీగా కూర్చునే మనిషి ఇంట్లో ఆవిడే. గోడమీది అట్ట ఆవిడ మంచం పక్కకు మార్చండి, పావుగంట ఎప్పుడన్నది వాళ్లిద్దరినే తేల్చుకోనివ్వండి. మొదటి వారం మీరు ఆ గదిలోకి వెళ్లకండి.