చెయ్యెత్తి రోడ్డు దాటడం

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో కాసేపు నిలబడి చూస్తే, మన దగ్గర సిగ్నల్ దీపం కంటే అరచేతికే అధికారం ఎక్కువని అర్థమవుతుంది. సంచి చంకన పెట్టుకున్న ముసలమ్మ కుడిచెయ్యి ముందుకు చాచి "ఆగు బిడ్డా" అంటూ అడుగు వేస్తుంది. ఆటో డ్రైవరు బ్రేకు తొక్కి, విసుక్కుంటూనే "పో అవ్వా, జల్ది పో" అంటాడు. అక్కడ పనిచేసింది ట్రాఫిక్ నియమం కాదు, మనిషికీ మనిషికీ మధ్య ఉన్న మన్నన. అయితే ఆ మన్ననకూ హద్దు ఉంది: అదే అవ్వ ఇసుక లారీకి చెయ్యెత్తదు. పెద్ద బండికి చిన్న బండి, చిన్న బండికి నడిచేవాడు తప్పుకోవాలన్నది కూడా మన సంస్కృతిలో భాగమేనని ఒప్పుకోక తప్పదు.

ఇతర దేశాల్లో ఈ లెక్క వేరుగా ఉంటుంది. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్, జపాన్‌లోని నగోయా నగరాల పాదచారులను పోల్చిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. దాని ప్రకారం ఎర్ర దీపం ఉండగా దాటినవారు స్ట్రాస్‌బర్గ్‌లో దాదాపు 42 శాతం, నగోయాలో సుమారు 2 శాతం. పక్కవారి చూపుకు విలువనిచ్చే సమాజంలో ఖాళీ రోడ్డు దగ్గర కూడా కాలు కదలదు. సొంత అంచనాను నమ్ముకునేచోట బండి లేకపోతే దీపంతో పనిలేదు. జర్మనీలో ఎర్ర దీపం దాటితే జరిమానా మామూలుగా 5 యూరోలే, కానీ పక్కన పిల్లలుంటే దాటడాన్ని పెద్దలు తప్పుగా చూస్తారు.

అంతమాత్రాన అంతా సంస్కృతి మీదికే నెట్టడం నాకు సమ్మతం కాదు. అమెరికాలో రోడ్డును ఎక్కడపడితే అక్కడ దాటడం నేరంగా మారింది ముఖ్యంగా 1920లలో, మోటారు వర్గాల ప్రచారం వల్ల. కాలిఫోర్నియా 2023 నుంచి ఆ పట్టును చాలావరకు సడలించింది. బ్రిటన్‌లో మామూలు వీధుల్లో ఎర్ర దీపం దాటడం నేరమే కాదు, అయినా రోడ్డు మరణాలు తక్కువగా ఉన్న దేశాల్లో అదొకటి.

మన చెయ్యెత్తే పద్ధతి ఎద్దుబండి, సైకిలు, ఆటోల వేగానికి సరిపోయింది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు కదులుతుంది; చెయ్యి కనిపించేలోపే బండి మీదికి వచ్చేస్తుంది, ఇక "బిడ్డా" అన్న పిలుపు ఎవరికి వినిపిస్తుంది? 2022లో దేశవ్యాప్తంగా 32,825 మంది పాదచారులు రోడ్డు ప్రమాదాల్లో మరణించారు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో 44వ జాతీయ రహదారి పక్కనున్న పెద్దకుంట తండా, రోడ్డు దాటుతూ మగవాళ్లు చనిపోయిన ఊరుగానే పత్రికలకెక్కింది.

చౌటుప్పల్, చిట్యాల వైపు వెళ్లేటప్పుడు డివైడరు సందుల్లోంచి దాటేవాళ్లను చూసి కార్లలోని వాళ్లు "వీళ్లకు క్రమశిక్షణ లేదు" అనడం తరచుగా వింటాను. ఆ మాట అనేముందు అండర్‌పాస్ ఎంత దూరంలో ఉందో, బస్సు ఎటువైపు ఆగుతుందో, పొలం ఎటువైపు ఉందో చూడాలి. నెత్తిన గడ్డిమోపు ఉన్న మనిషి కిలోమీటరు చుట్టి రాడు. నగోయా నుంచి వచ్చినవాడైనా రాడనే నా అనుమానం.