నాయన రేడియేషన్, మధ్యలో నానో చుక్కలు

మాది టంగుటూరు వైపు, పొగాకు పండే ఊరు. నాయన చుట్ట మానింది గొంతులో గడ్డ క్యాన్సరని తేలాకే. నెల్లూరులో కరెంటు, అదే రేడియేషన్, పెట్టాలన్నారని తెలియగానే సలహాలు మొదలయ్యాయి. వాటిలో గట్టిది మా మావది. ఎవరో నానో చుక్కలు అమ్ముతున్నారంట, రోజూ నాలుక మీద వేసుకుంటే రేడియేషన్ జబ్బు కణాలనే కాలుస్తుందంట, మంచి కణాల జోలికి పోదంట. సీసా ఖరీదు విని, ముందు డాక్టరు గారిని అడుగుదాం మావా అన్నాను. "వాళ్ళెందుకు చెప్తార్రా, వాళ్ళ యాపారం ఏం కావాల?" అన్నాడు.

అడిగితే డాక్టరు గారు నవ్వలేదు, అదే నాకు నచ్చింది. నానో సంగతి ఉత్త అబద్ధం కాదన్నారు. రేడియేషన్ ఒంట్లో నీటిని చీల్చి ఫ్రీ రాడికల్స్ అనే నిలకడలేని ముక్కల్ని పుట్టిస్తుంది, డీఎన్‌ఏను ఎక్కువగా దెబ్బతీసేది అవే. సీరియం అనే లోహపు ఆక్సైడ్‌ని కొద్ది నానోమీటర్ల, అంటే కంటికి కనపడనంత సన్నటి, రేణువులుగా చేస్తే ఆ రాడికల్స్‌ని పట్టి చల్లారుస్తుంది, పైగా సీరియం రెండు స్థితుల మధ్య అటూ ఇటూ మారగలదు కాబట్టి ఒక్కసారితో అయిపోదు, మళ్ళీ మళ్ళీ పనిచేస్తుంది. 2005లో ఫ్లోరిడాలో రొమ్ము కణాల మీద చూస్తే మామూలు కణాలకు బాగా రక్షణ దొరికింది, క్యాన్సర్ కణాలకు పెద్దగా దొరకలేదు. క్యాన్సర్ కణాల దగ్గర ఆమ్లం ఎక్కువ, అక్కడ ఈ రేణువు సరిగా పనిచేయదు అనేది ఒక వివరణ. ఎలుకల మీదా చూశారు. "గాజు పళ్ళెంలో కణానికీ మీ నాయనకీ మధ్య చాలా దూరం ఉందబ్బాయ్, నేను చీటీ మీద రాసిచ్చే సీరియం మందు ఇంకా లేదు" అన్నారు.

మరి చుక్కలు వేస్తే పోయేదేముంది అన్నాడు మావ, పక్కనే ఉండి. పోయేది ఉంది. అదే 2005లో కెనడా నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది, తల, మెడ క్యాన్సర్ వాళ్ళకి రేడియేషన్ జరిగేటప్పుడు విటమిన్ ఇ లాంటి మాత్రలు (ఇవీ రాడికల్స్‌ని చల్లార్చేవే) పెద్ద మోతాదులో ఇస్తే బాధలు తగ్గాయి గానీ జబ్బు తిరగబెట్టే సూచనలు కూడా కనిపించాయి. మంచి కణాన్ని కాపాడేది చెడ్డ కణాన్నీ కాపాడొచ్చు కదా! సీసాలో ఏముందో తెలియని చుక్కల మాట చెప్పాలా. మావ ఆ తర్వాత మాట్లాడలేదు, ఊరెళ్ళాక మాత్రం చాలా మాట్లాడాడు.

ఆసుపత్రిలో వాడే మందు అమిఫోస్టిన్ అని ఒకటుంది, నోరు ఎండిపోకుండా అమెరికాలో 1999లో ఒప్పుకున్నారు. కానీ ప్రతిసారీ రేడియేషన్‌కి కాస్త ముందు నరానికి ఎక్కించాలి, బీపీ పడిపోతుంది, వాంతులు. నాయనకు వద్దన్నారు.

నిజంగా కాపాడింది మాస్కు. చిల్లుల ప్లాస్టిక్ షీటు, వేడినీళ్ళలో ముంచితే మెత్తబడుతుంది, తీసి వెచ్చగా ఉండగానే ముఖం మీద పరిచి అంచులు బల్లకు బిగిస్తే కాసేపటికి ముక్కు, గడ్డం అచ్చుతో గట్టిపడిపోతుంది. తల వెంట్రుకవాసి కదలనీయదు. నాయనకు ఊపిరాడదేమోనని టెన్షన్, లోపల్నించి "బిగించారేందిరా" అని గొణిగితే టెక్నీషియన్ అమ్మాయి చెయ్యి పట్టుకుని "ఊపిరి పీల్చు తాతా, చిల్లులున్నాయి" అంది. తర్వాత సీటీ స్కాన్ మీద చెవుల కింద లాలాజల గ్రంథులు ఎక్కడున్నాయో గీసి, వాటికి తక్కువ డోసు పడేలా ప్లాన్ చేస్తారు. గొంతుకి మామూలుగా ఇచ్చే 70 గ్రేలని (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) రోజుకి 2 చొప్పున విడగొట్టి వారానికి ఐదు రోజులే ఇస్తారు. మధ్య గంటల్లో మంచి కణాలు మరమ్మతు చేసుకుంటాయి, క్యాన్సర్ కణాలకు ఆ పని అంత బాగా రాదు.

ఇంత చేసినా సగం దాటాక నోరంతా పుండ్లు. కారం మాట లేదు, చేపల పులుసు వాసనకే లేచిపోయేవాడు. అమ్మ అన్నం జారుగా చేసి చల్లటి మజ్జిగలో కలిపి చెంచాతో పట్టించేది, ఉప్పు, సోడా ఉప్పు కలిపిన నీళ్ళు పుక్కిలించడం రోజుకి ఎన్నిసార్లో.

మీ ఇంట్లో ఎవరికైనా గొంతుకి రేడియేషన్ అంటే ముందే పళ్ళ డాక్టరుకి చూపించండి. పీకాల్సినవి మొదలుపెట్టక ముందే పీకించాలి, అయ్యాక పీకితే దవడ ఎముక మానక కుళ్ళే ప్రమాదం ఉంది. నాయనకు ముందే రెండు తీశారు, ఇప్పుడు మూడోది కదులుతుంటే రేడియేషన్ డాక్టరుని అడక్కుండా ముట్టుకోవద్దన్నారు, వచ్చే సోమవారం తీసుకెళ్ళాలి.