గుంయ్‌మనే గిటారు, పప్పు గిన్నెలో తీగలు

కాలేజీలో ఉండగా కొనుక్కున్న బేస్ గిటార్ ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో అటక మీదే ఉంది, కొబ్బరి తాళ్ల చుట్ట పక్కన. అమలాపురం దగ్గర పల్లెటూరు మాది. డిసెంబరులో పాత బ్యాండ్ కుర్రాళ్లు ఫోన్ చేశారు. కనుమ రాత్రి పక్క ఊళ్లో స్టేజీ ఇస్తామన్నారట, రాక్ వాయిద్దాం, నువ్వొస్తేనే అన్నారు. సరే అనేశాక గుర్తొచ్చింది, గిటార్ ఏ స్థితిలో ఉందో కూడా తెలీదని. చేతిలో ఉన్నది మూడు వారాలు.

సంచీ జిప్పు తుప్పు పట్టి కదల్లేదు. బ్లేడు పెట్టి కోశాను. నాలుగు తీగలూ గోధుమరంగులోకి తిరిగిపోయాయి. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్ముల్ని ఫ్రెట్లంటారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ కింద రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి మూడు పెడితే, మూడూ దూరిపోయాయి. అంటే నాలుగు మిల్లీమీటర్ల పైమాటే. రెండున్నర దాటితేనే వేళ్లు నొప్పెడతాయి.

నాది జాజ్ బేస్ తరహాది. ఫెండర్ కంపెనీ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చింది. నిలబెట్టి వాయించే పెద్ద బేస్‌కి ఫ్రెట్లు ఉండవు, వేలు ఎక్కడ పడాలో చెవే చెప్పాలి. దీనికి ఫ్రెట్లు ఉన్నాయి కాబట్టి స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు. తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్‌లు రెండున్న జాజ్ బేస్ 1960లో వచ్చింది. నాది ఆ నమూనాకి చవక నకలు. పేరు జాజ్ అయినా రాక్‌లో వాయించనివాళ్లు లేరు.

ముందు తీగలు. కొత్త సెట్టు ఆర్డర్ పెడితే మా ఊరికి వారం పడుతుందని చూపించింది. అప్పటిదాకా సాధన ఆగకూడదు కదా. తీగల్ని నీళ్లలో ఉడకబెడితే మళ్లీ పలుకుతాయని బేస్ వాయించేవాళ్లంతా చెప్పుకునే చిట్కా ఒకటుంది. తీగ మీద చుట్టు తిరిగి ఉండే సన్నతీగ సందుల్లో చెమట, చర్మం జిడ్డు దూరిపోయి మోత చచ్చిపోతుంది. మరిగే నీళ్లకి ఆ జిడ్డు వదులుతుంది. తుప్పు మాత్రం వదలదు. అమ్మ చూడకుండా పప్పు గిన్నె తీసి, తీగల్ని చుట్టలుగా వేసి పొయ్యి మీద పెట్టాను. పది నిమిషాలకి నీళ్లు టీ రంగుకి వచ్చాయి. అమ్మ వచ్చి మూత తీసి చూసింది. "ఉడికాయా నాన్నా? ఉప్పేమన్నా వెయ్యనా?" అని అడిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పని చేసింది కూడా. తుడిచి ఆరబెట్టి ఎక్కిస్తే తీగ ఖంగుమంది. మూడు రోజులు. నాలుగో రోజు శ్రుతి చేస్తుంటే అన్నిటికన్నా సన్నటి జి తీగ తెగి ముంజేతిని కోసేసింది. అమెరికాలో జేమ్స్ జేమర్సన్ అనే బేస్ వాయించే మహానుభావుడు తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. ఆయనవి పైన చదునుగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలు. పైగా ఆయనకి మా సముద్రపు గాలి తెలీదు.

కొత్త సెట్టు వచ్చింది, 45 నుంచి 105 సైజు, అంటే తీగ మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో. ఇక మెడ సంగతి. నాలుగు తీగలూ బిగించాక మెడ మీద పడే లాగుడు ఇంచుమించు ఒక ధాన్యం బస్తా బరువంత. ఆ లాగుడికి మెడ ముందుకి వంగిపోకుండా లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని తిప్పే ఎలన్ కీ నా దగ్గర లేదు. రొయ్యల చెరువుల ఇంజిన్లు బాగుచేసే మెకానిక్ దగ్గరికెళ్తే కీల సెట్టుతో పాటు ఫీలర్ గేజ్ కూడా ఇచ్చాడు, ఇంజిన్‌కి ట్యాపెట్ సెట్టింగ్ చూసుకునే రేకులు. ఇంతకన్నా పనికొచ్చే వస్తువు నాకు ఏ మ్యూజిక్ షాపులోనూ దొరకలేదు. మొదటి ఫ్రెట్ దగ్గరా, మెడ ఒంటికి అతుక్కునే చోటా తీగని నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ మీద 0.30 మిల్లీమీటర్ల రేకు దూర్చాలి. రాసుకుంటూ దూరితే మెడ సరిగ్గా ఉన్నట్టు. నాకు ఆ రేకు పక్కన ఇంకో రెండు పట్టేంత ఖాళీ ఉంది.

తీగలు కాస్త వదులు చేసి, కుడివైపు పావు తిప్పు తిప్పి, రాత్రంతా వదిలెయ్యాలి. కర్ర తీరిగ్గా కదులుతుంది. నాకు ఓపిక లేక ఒకేసారి ముప్పావు తిప్పేశాను. తెల్లారేసరికి మెడ వెనక్కి వంగి, మొదటి నాలుగు ఫ్రెట్లలో ఎక్కడ నొక్కినా జిర్రుమని ఒకటే మోత. మళ్లీ వెనక్కి తిప్పి, మళ్లీ రాత్రంతా ఆగి, మొత్తం అయిదు రోజులు పోగొట్టుకున్నాను. వేలిబోర్డు పొడిబారింది, కొబ్బరినూనె రాయమని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చెప్పారు. కోనసీమ కదా. నాలుగు రోజులకి ముక్కవాసన కొడుతుందని రాయలేదు.

తర్వాత గుంయ్. ఆంప్‌లో, అంటే గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెలో, పెట్టగానే కందిరీగల తుట్టె కదిపినట్టు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి యాభైసార్లు ఊగుతుంది. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ ఇ. దాని మూడో ఫ్రెట్ నొక్కితే పలికే జి స్వరం 49 హెర్ట్జ్. ఆ రెండూ కలిసి మోగితే శబ్దం సెకనుకి సుమారు ఒకసారి ఉబ్బి తగ్గుతుంది, ఊయల ఊగినట్టు. రాత్రి పదకొండింటికి తలుపులు వేసుకుని ఆ ఊపు వింటూ కూర్చున్నానంటే నా పరిస్థితి అర్థం చేసుకోండి.

టీవీలు బాగుచేసే బాబాయ్ దగ్గరికి పట్టుకెళ్లాను.

"ఏంటబ్బాయ్, వీణా?"

"బేస్ గిటార్ బాబాయ్."

"మరి మిగతా రెండు తీగలూ ఏవీ?"

"దీనికి నాలుగే బాబాయ్."

నమ్మలేదు గానీ విప్పాడు. తీగల్ని ముట్టుకోమన్నాడు, గుంయ్ మారలేదు. కేబుల్ గుచ్చే జాక్ ఇనుముని ముట్టుకోమన్నాడు, సగానికి తగ్గింది. "తీగలకి ఎర్త్ తెగిపోయింది" అన్నాడు వెంటనే. తీగల చివర్లు బిగించే బ్రిడ్జి రేకు ఊడదీస్తే దాని కిందికి వచ్చే సన్నటి తీగ చిలుం పట్టి పొడై రాలింది. కొత్తది వేసి, టంకం పెట్టి, మల్టీమీటర్ ఆన్చితే బీప్‌మంది. గుంయ్ చాలావరకు పోయింది. రెండు పికప్‌ల వాల్యూమూ సమానంగా పెడితే ఇంకా తగ్గింది, ఒకదాని గుంయ్‌ని ఇంకోటి కొట్టేస్తుంది కాబట్టి. బాబాయ్ డెబ్భై రూపాయలు తీసుకున్నాడు.

ఇక్కడ నేనొక తెలివితక్కువ పని చేశాను. ఇంట్లో పాటలతో పాటు వాయించడానికి ల్యాప్‌టాప్‌ని ఆంప్‌కి కలిపితే మళ్లీ గుంయ్ మొదలైంది. ల్యాప్‌టాప్ చార్జర్‌కో ఎర్త్, ఆంప్‌కో ఎర్త్, మధ్యలో కేబుల్, దాంతో చుట్టు కలిసిపోయింది. ఆంప్ త్రీ పిన్‌కి టూ పిన్ కన్వర్టర్ తగిలించి ఎర్త్ లేకుండా చేశాను. నిశ్శబ్దం. భలే చేశాననుకుని దాన్ని అలాగే వదిలేశాను.

కనుమ సాయంత్రం సౌండ్ చెకింగ్. బేస్ మెడలో వేసుకుని, ఎడమ చెయ్యి తీగల మీద పెట్టి, కోరస్ అందుకుందామని మైకు దగ్గరికి వంగాను. పెదవి తగలగానే కొట్టింది. కళ్ల ముందు తెల్లగా మెరిసి వెనక్కి పడ్డాను.

మైక్‌సెట్ అతను పరుగెత్తుకొచ్చి, నన్ను లేపడం మానేసి, ముందు జేబులోంచి టెస్టర్ తీసి బేస్ తీగ మీద ఆన్చాడు. ఎర్రలైటు వెలిగింది. "ఏవండీ, మీరు మెడలో వేసుకున్నది గిటారా, కరెంటు వైరా?" అన్నాడు. వెనక్కెళ్లి కన్వర్టర్ చూసి తిట్టాడు, మర్యాదగానే, అండీలు పెట్టి మరీ. ఆంప్‌లో చిన్న లీకేజీ ఉంది. ఎర్త్ పిన్ ఉంటే అది భూమిలోకి పోయేది. పిన్ లేకపోయేసరికి జాక్ మీదుగా, బాబాయ్ కొత్తగా వేసిన తీగ మీదుగా నా చేతికొచ్చి, ఎర్త్ ఉన్న మైకు దొరకగానే పెదవిలోంచి పోయింది. పాత తీగ చిలుం పట్టి ఉన్నన్నాళ్లూ గిటార్ తీగల్లోకి అది వచ్చే దారే లేదు. ఇంత ఆలోచించింది మర్నాడు లెండి. అప్పుడు కాళ్లు వణుకుతున్నాయి.

కన్వర్టర్ పీకి తన జేబులో వేసుకున్నాడు. ఆ లీకేజీ ఆంప్‌ని అసలు కరెంటుకే పెట్టనివ్వలేదు. బేస్‌ని, గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే డీఐ బాక్సులోకి పెట్టి, అక్కణ్ణుంచి నేరుగా మిక్సర్‌కి లాగాడు. కీబోర్డు, మిక్సర్ అన్నీ ఒకే బోర్డుకి, ఒకే ఎర్త్‌కి. జనరేటర్ దగ్గర పాతిన ఎర్త్ రాడ్ మీద బకెట్టు నీళ్లు పోయించాడు. మా నేల ఎప్పుడూ తడే, అయినా పోయించాడు. టెస్టర్ మళ్లీ తీగ మీద పెట్టి, లైటు వెలగలేదని నాకు చూపించి, "ఇప్పుడు కొట్టండి" అన్నాడు.

ఇ తీగని ఏ ఫ్రెట్టూ నొక్కకుండా కొట్టాను. 41 హెర్ట్జ్. నా ఆంప్‌లో అది ఎప్పుడూ టపటపమనేది తప్ప పలికేది కాదు. వాళ్ల 18 అంగుళాల బేస్ బాక్సుల్లోంచి వచ్చేసరికి స్టేజీ చెక్కలు అరికాళ్ల కింద కదిలాయి. ముందు వరసలో పడుకున్న కుక్క లేచి వెళ్లిపోయింది.

ఆంప్ ఇప్పుడు బాబాయ్ షాపులో విప్పేసి ఉంది. తీగలు వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడుస్తున్నాను. అమ్మ పప్పుకి కొత్త గిన్నె కొనుక్కుంది, పాతది అటక మీద గిటార్ ఉండే చోట బోర్లించింది.