వీడియో ముందు, మెదడు తర్వాత

ఫస్టియర్ ఎంబీబీఎస్ పిల్లలకు అనాటమీలో ఎక్కువ టెన్షన్ న్యూరో, అంటే మెదడు, నరాల భాగం గురించే. చేతిలోనో కాలిలోనో అయితే కండరాన్ని పక్కకు జరిపి నరాన్ని వెతుక్కోవచ్చు. పాడవకుండా ఫార్మలిన్ ద్రావణంలో ఉంచిన మెదడును కోస్తే కనిపించేది కాస్త ముదురు, కాస్త లేత రంగు, అంతే. మెదడు లోతులో ఉండే థలామస్ ఎక్కడ ఆగిందో, దాని పక్కనున్న నరాల ఫైబర్ల కట్ట, ఇంటర్నల్ క్యాప్సూల్, ఎక్కడ మొదలైందో కన్ను అలవాటుపడితేనే తెలుస్తుంది. త్రీడీ యాప్‌లో ప్రతి భాగానికీ ఒక రంగు ఉంటుంది కాబట్టి, యాప్ మాత్రమే చూసి వచ్చినవాళ్లు స్పాటర్ (చూపించిన భాగాన్ని గుర్తుపట్టే పరీక్ష) దగ్గర తడబడతారు.

అలాగని, వాళ్లకు అనాటమీ చెప్పే నేను యాప్‌లూ వీడియోలూ వద్దనను. వాటిని క్లాసుకు ముందు పెట్టాలంటాను. ఆ మెదడు ఎవరో దానం చేసిన దేహంలోది. దాని ముందు నిలబడే సమయాన్ని పేర్లు చెప్పడానికి ఖర్చు చేయడం నాకు మనసొప్పదు.

ఇంటర్నల్ క్యాప్సూల్ పాఠానికి ముందురోజు చిన్న వీడియో పంపుతాను. హాస్టల్ నెట్‌లోనూ దిగేంత చిన్నది. అందులో హద్దులే ఉంటాయి: లోపలివైపు కాడేట్, థలామస్, బయటివైపు లెంటిఫార్మ్ న్యూక్లియస్ (మూడూ నరకణాల గుంపులే). మర్నాడు లెక్చర్ లేకుండా నేరుగా డిసెక్షన్ హాల్‌కే. అడ్డంగా కోసిన ముక్కలో పక్కకు తిరిగిన వి ఆకారాన్ని ఒక్కొక్కరూ వేలితో చూపించాలి. తర్వాత అదే లెవెల్‌లో తీసిన సీటీ స్కాన్ పక్కన పెడతాను. ఆ వి ఆకారంలో వెనకభాగమైన పోస్టీరియర్ లింబ్‌లో రక్తం తెల్లగా కనిపిస్తుంటుంది. ఏ వైపు చెయ్యీ కాలూ పడిపోయి ఉంటాయని అడుగుతాను. పక్షవాతం వచ్చినవాళ్లను ఊళ్లో చూసిన పిల్లలే కదా, అక్కడ చర్చ మొదలైతే ఆపడం కష్టం. బీపీ పెరిగితే చిట్లే సన్నని లెంటిక్యులోస్ట్రయేట్ ధమనులు, మెదడు నుంచి వెన్నుపాముకు కదలిక ఆదేశాలు మోస్తూ, మెదడు అడుగునున్న మెడుల్లాలో అవతలి వైపుకు దాటే కార్టికోస్పైనల్ ఫైబర్లు, అన్నీ ఆ ఒక్క ప్రశ్నలోంచే వస్తాయి.

మెదడులోని ఫైబర్లను ఒలిచి చూపే క్లింగ్లర్ పద్ధతి నాకు ప్రాణం. 1930ల్లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జోసెఫ్ క్లింగ్లర్ రూపొందించాడు. ఫార్మలిన్‌లో గట్టిపడిన మెదడును ఫ్రీజర్‌లో పెడితే లోపలి నీరు మంచు పలుకులై ఫైబర్లను విడదీస్తుంది. కరిగాక మొద్దు చెక్కపుల్లతో పొర తర్వాత పొర ఒలవొచ్చు. పైనున్న ఫైబర్లు, అంటే కరోనా రేడియేటా, విసనకర్రలా విచ్చుకుని, కిందకు వస్తూ ఇంటర్నల్ క్యాప్సూల్‌గా దగ్గరపడటం చేత్తో ఒలిచినవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. ఈ పనికి స్పెసిమెన్లు అందరికీ సరిపోవు. అందుకే ఒలుస్తున్నప్పుడు పైనుంచి కెమెరా పెడతాం. మిగతా బ్యాచ్‌లు తెర మీద చూస్తూ ప్రశ్నలు వేస్తారు.

మెదడును వెన్నుపాముతో కలిపే బ్రెయిన్‌స్టెమ్‌కు మాత్రం ఇది కుదరదు. అక్కడి క్రేనియల్ నర్వ్ న్యూక్లియస్‌లు (మెదడు నుంచి నేరుగా వచ్చే నరాల కణ గుంపులు) మామూలు కంటికి ఆనవు. దానికి స్లైడ్లు, బోర్డు, రంగు సుద్దలే. నేను గీస్తుంటే పిల్లలూ నాతోపాటు గీయాలి. ఆ పాఠానికి వీడియో పంపను.