బీజీఎం పెడితే బయటపడ్డ ఎర్తింగ్

నిన్నటితో మా ఇంట్లో గుయ్‌మనే మోత ఆగిపోయింది. ఆగిందని చెబితే "ఏం మోత?" అని అడిగేవాళ్లే గానీ, "అబ్బా, ఆగిందా!" అన్నవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే ఇదంతా రాస్తున్నా. ఇల్లు కట్టించుకునేవాళ్లు చదవండి, సినిమా సంగీతంతో పని లేకపోయినా సరే.

కర్నూల్లో నంద్యాల రోడ్డు వైపు ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం బాగానే జరిగింది. గ్యాస్ అడ్రసు ఫోన్లోనే మారిపోయింది. ఇంటర్నెట్ కుర్రాడు వచ్చిన పూటే వైరు లాగి వెళ్లాడు. పాతింటి నుంచి సామానంతా ట్రాక్టర్లో వచ్చింది. మా అమ్మ ఊరగాయ జాడీ తప్ప ఏదీ పగల్లేదు. ఆ జాడీ గురించి రాయాలంటే మా అమ్మే రాయాలి, నా వల్ల కాదు.

ఈ ఇంట్లో నేను అడిగింది ఒక్కటే. వంటగది మా ఆవిడ ఇష్టం, పూజగది మా అమ్మ ఇష్టం, హాల్లో మాత్రం ఒక యాంప్లిఫయర్, రెండు స్పీకర్లు, నా కుర్చీ. నాకు సినిమా పాటల కంటే ఆర్ఆర్ అంటే పిచ్చి. ఆర్ఆర్ అంటే రీరికార్డింగ్, సీన్ల వెనక వినిపించే నేపథ్య సంగీతం. దాన్నే ఇప్పటి పిల్లలు బీజీఎం అంటున్నారు. పాటలు అందరూ వింటారు. పాట లేని సంగీతాన్ని పనిగట్టుకుని కూర్చుని వినేవాణ్ని చుట్టాలు కాస్త జాలిగా చూస్తారు. ఆర్ఆర్ఆర్ సినిమా సంగతే తీసుకోండి. 2023లో ఆస్కార్ పాటకొచ్చింది, ఊరూవాడా చిందులేసింది. అదే ఏడాది ప్రకటించిన 69వ జాతీయ అవార్డుల్లో కీరవాణికి అదే సినిమాకు అవార్డొచ్చింది నేపథ్య సంగీతానికి. పాటల అవార్డు పుష్పకు దేవిశ్రీప్రసాద్ తీసుకున్నాడు. ఈ సంగతి మా వీధిలో ఎంతమందికి తెలుసో కనుక్కోండి. ఇళయరాజాకు 2009 సినిమాల అవార్డుల్లో మలయాళం పళసిరాజాకు వచ్చిందీ నేపథ్య సంగీతానికే. అడిగితే "ఆయన పాటలు బాగుంటాయప్పా" అంటారు. అడిగింది పాటల గురించి కాదు కదా!

పాతిల్లు వన్‌టౌన్‌లో ఉండేది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి కలిసి ఊరిమీద పడ్డప్పుడు నా క్యాసెట్లన్నీ బురదలో కలిసిపోయాయి. అవి షాపులో కొన్నవైతే మళ్లీ కొనుక్కునేవాణ్నే. టీవీలో సినిమా వస్తున్నప్పుడు టేప్‌రికార్డర్ ముందుపెట్టి నేను పట్టుకున్నవి. మంచి వయొలిన్ బిట్టు మధ్యలో మా నాన్న దగ్గు, కుక్కరు విజిల్ కూడా ఉండేవి. ఇప్పుడవన్నీ శుభ్రంగా, దగ్గూ విజిలూ లేకుండా ఫోన్లోనే దొరుకుతున్నాయి. ఇంక ఎత్తున్న చోట సొంతిల్లు, సొంత హాలు. వినడమే తరువాయి అనుకున్నా.

మొదటి తలనొప్పి ప్రతిధ్వని. నేలంతా బేతంచెర్ల పాలిష్ బండలు, గోడలు నున్నగా పుట్టీ, కిటికీలకు కర్టెన్లు లేవు. చప్పట్లు కొడితే హాలే తిరిగి కొట్టేది. దీనికి పెద్ద ఖర్చేం కాలేదు. ఎమ్మిగనూరు దుప్పట్లు దళసరివి చూసి కర్టెన్లుగా వేశాం, నేలమీద పాత బొంతలు పరిచాం, వెనక గోడకు పుస్తకాల బీరువా చేర్చాం. స్పీకర్లను మూలల్లోంచి అడుగున్నర ముందుకు జరిపేసరికి బేస్ ఉబ్బరం కూడా తగ్గింది. షాపువాళ్లు చెప్పే ఫోమ్ పలకలు కొనకండి. బొంతలు చాలు.

ఇక అసలు కథ. ఆ ప్రతిధ్వని పోయాకే మోత బయటపడింది. యాంప్లిఫయర్ ఆన్ చేస్తే చాలు, ఏమీ పెట్టకపోయినా సన్నగా గుయ్‌మంటూ ఉంటుంది. పాట పెడితే వినపడదు. ఎందుకంటే మన పాటల్లో ఖాళీ ఉండదు, తబలా ఆగితే గిటారు, గిటారు ఆగితే కోరస్. ఆర్ఆర్‌లో నిశ్శబ్దానికీ లెక్క ఉంటుంది. 1960లో వచ్చిన హాలీవుడ్ సినిమా సైకోకి సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తీగ వాయిద్యాలు తప్ప ఇంకేవీ వాడలేదు. అందులో స్నానాల గదిలో కత్తితో పొడిచే సీనుకు సంగీతమే వద్దని దర్శకుడు హిచ్‌కాక్ ముందు అనుకున్నాడట, హెర్మన్ చేసింది విన్నాక మనసు మార్చుకున్నాడు. అలాంటిది వింటుంటే వయొలిన్ కమాను ఆగిన ప్రతిచోటా మా గోడ గుయ్‌మని అందుకుంటుంది. ఇంటర్‌స్టెల్లార్ సినిమాది పెడితే మరీ ఘోరం. దానికి సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ లండన్‌లో టెంపుల్ చర్చి పైప్ ఆర్గన్ వాయింపించాడు, గొట్టాల్లోకి గాలి పంపి పలికించే పెద్ద వాయిద్యం అది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, మోత ఆ 50 దగ్గరా దానికి రెట్టింపు 100 దగ్గరా పలుకుతుంది. ఆర్గన్ కింది స్వరాలూ అక్కడే తిరుగుతుంటాయి. వాయిస్తున్నది జిమ్మర్ మనుషులో, మా కరెంటు తీగో తెలిసేది కాదు.

సిస్టం అమ్మిన షాపుకు ఫోన్ చేశా. కుర్రాణ్ని పంపించారు. వాడొచ్చి సోఫాలో కూడా కూర్చోకుండా, తన ఫోన్లోంచి ఒక డీజే పాట కిటికీలు అదిరేలా పెట్టి, "యాడుంది సార్ మోత?" అన్నాడు. పాట ఆపమన్నా. ఆపాడు. అప్పుడు ఫ్యాను తిరుగుతోంది, బయట బోరు వేస్తున్నారు. "పీసు బంగారంలా ఉంది సార్, మీ వైరింగ్ చూపించుకోండి" అని వెళ్లిపోయాడు.

కాంట్రాక్టరును అడిగా. "స్పీకర్లో మోతొస్తే నన్నడుగుతావేందన్నా? నేను ఇల్లు కట్టినా గానీ పాటలు కట్టలేదు గదా" అన్నాడు. మాట బాగుంది, ఒప్పుకుంటా. కానీ అదే మాట ఆదివారం పూట మా అత్తామామలు, తోడల్లుడు, ఆయన పిల్లలు అందరూ భోజనానికి వచ్చినప్పుడు మళ్లీ అన్నాడు. మిగిలిన డబ్బు కోసం వచ్చాడు ఆ రోజు. మోత సంగతి తేలేదాకా ఇవ్వనన్నా. "అయితే అందరం విందాం సామీ" అని హాల్లో ఉన్నవాళ్లందర్నీ స్పీకరు దగ్గరికి పిలిచాడు. మా మామ వంగి చెవి పెట్టాడు. మా అత్త పెట్టింది. తోడల్లుడు చేతిలో కంచంతోనే వచ్చి పెట్టాడు. ఫ్యాను ఆపండని నేను మొత్తుకుంటున్నా. మే నెల కర్నూలు ఎండలో ఫ్యాను ఆపడమేందని మా అమ్మ కసిరింది. ఎవరికీ ఏమీ వినపడలేదు. తోడల్లుడి చిన్నకొడుకు మాత్రం "వస్తోంది పెద్దనాన్నా" అన్నాడు. వాణ్ని అన్నం తినమని పంపించేశారు.

అప్పుడు కాంట్రాక్టరు అందరి ముందరా, "మోత సారు చెవుల్లోనే ఉన్నట్టుంది. ఈఎన్‌టీకి చూపించండి పెద్దాయనా" అని మా మామతో అన్నాడు. నవ్వారు. నా పెళ్లాం కూడా నవ్వింది. మా మామకు మాత్రం అది నవ్వులాట కాదు. సాయంత్రానికల్లా డాక్టరు దగ్గర నంబరు తీసుకుని, "ఒకసారి పోయి రా అల్లుడూ, తప్పేముంది" అన్నాడు. పెద్దాయన మాట కాదనలేక వెళ్లా. చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కాగితం చేతికొచ్చింది. రెండు చెవులూ అన్ని స్థాయిల్లోనూ 25 డెసిబెల్స్ లోపే. అంతకంటే బాగుండాల్సిన పని లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆ కాగితం ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టా. ఎవరూ కనీసం బొటనవేలు కూడా చూపించలేదు. ఎవరి పుట్టినరోజైనా అయితే యాభై పూలగుత్తులు పెడతారు.

మోత సంగతి తేల్చింది చివరికి ఫ్రిజ్. తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని మా ఆవిడ అంటూనే ఉంది. తడిచేత్తో పట్టుకుంటే అంతేనని మా అమ్మ అంటూనే ఉంది. ఒకరోజు యాంప్లిఫయర్ వెనక వైరు సర్దుతుంటే నాకూ అలాగే జివ్వుమంది. టెస్టర్ తెచ్చి దాని ఇనుప బాడీకి ఆనించా. లోపల లైటు సన్నగా, ఎర్రగా వెలిగింది. ఫ్రిజ్‌కి ఆనించా. అక్కడా వెలిగింది. మూడు పిన్నుల ప్లగ్గులో పైన లావుగా ఉండే పిన్ను ఎర్త్‌ది. బాడీ మీదికి కరెంటు వస్తే దాన్ని భూమిలోకి పంపాల్సింది అదే. మా ఇంట్లో అది ఎక్కడికీ పోవడం లేదన్నమాట.

కాంట్రాక్టరు తన ఎలక్ట్రీషియన్‌ను పంపాడు. అతను స్విచ్‌బోర్డు విప్పి, చిన్న వైరు ముక్కతో న్యూట్రల్‌ను, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగను, ఎర్త్ పిన్నుకు కలిపేసి, "అయిపాయె సార్" అన్నాడు. మోత నిజంగానే సగం తగ్గింది, ఫ్రిజ్ జివ్వుమనడం మానేసింది. అంతా బాగైపోయిందనుకుని ఎంతమంది ఇలా బతుకుతున్నారో! నా స్నేహితుడు పాతబస్తీ నుంచి ఒక పెద్దాయన్ని, మేమంతా భాయ్ అంటాం, పంపించాడు. ఆయన ఆ ముక్క చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే దాన్ని పీకేసి నా చేతిలో పెట్టాడు. "న్యూట్రల్ ఎక్కడైనా తెగిందనుకో సార్, కరెంటు తెచ్చే ఫేజ్ మొత్తం ఈ ముక్కలోంచి నీ ఫ్రిజ్ మీదికొస్తది. పిల్లలు ముట్టుకుంటే?" నాకు ముచ్చెమటలు పోశాయి.

భాయ్ దగ్గర మీటర్లు లేవు. ఒక హోల్డరు, దానికి పాతకాలం గుండ్రటి బల్బు, రెండు వైర్లు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ పెడితే బల్బు భగ్గున వెలిగింది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ పెడితే చీకటి. ఇల్లంతా తిరిగి ప్రతి సాకెట్‌లోనూ పెట్టాడు, ప్రతిచోటా చీకటే. మీరు చేయకండి ఈ పని, తెలిసినవాళ్ల చేత చేయించండి. కానీ దగ్గరుండి చూడండి.

ఆ తర్వాత ఇంటి పక్కన ఎర్త్ పిట్ దగ్గరికి వెళ్లాం. పైకి చూస్తే ముచ్చటగా ఉంది. సిమెంటు తొట్టి, మూత, మధ్యలో నీళ్లు పోయడానికి గరాటు, గరాటు కింద పైపు. ఆ గరాటులో మా అమ్మ రోజూ చెంబుడు నీళ్లు పోసేది, కాంట్రాక్టరే చెప్పాడట. భాయ్ పైపు పట్టుకుని రెండు ఊపులు ఊపి పైకి లాగాడు. ఊడి చేతికొచ్చింది. మూరెడు ముక్క. కింద బొగ్గు లేదు, ఉప్పు లేదు, అసలు గొయ్యే లేదు. కాస్త తవ్వగానే నాపరాయి తగిలింది. అక్కడ రాయి తగిలితే పనివాళ్లు ఏం చేశారో చెప్పక్కర్లేదు. ఇంకొంచెం అవతల తవ్వితే పోయేదానికి, పైపు కోసి పైన గరాటు పెట్టారు.

టైల్స్ రంగు కోసం మనం వారాలు కొట్లాడతాం. గుమ్మం చెక్క టేకా వేపా అని మూడూళ్లు తిరుగుతాం. మట్టిలో పూడ్చేదాన్ని ఎవడూ చూడడు. చూడరని వాళ్లకు బాగా తెలుసు. కాంట్రాక్టర్లందరూ ఇంతేనని అనను. నాకు దొరికినవాడు మాత్రం ఇంతే.

భాయ్ చోటు మార్చాడు. ఇంటి వెనక మట్టి మెత్తగా ఉన్నచోట లోతుగా తవ్వించి, రెండున్నర మీటర్ల జీఐ పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలు వరసలుగా వేయించాడు. అక్కడి నుంచి కొత్త ఎర్త్ తీగ మెయిన్ బోర్డుదాకా లాగాడు. మళ్లీ బల్బు పెట్టి చూస్తే ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య భగ్గుమంది. ఆ తర్వాత బోర్డులో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ అనే స్విచ్చి కూడా పెట్టించా. కరెంటు దారితప్పి ఒంట్లోంచి పోతే క్షణంలో ఆపేస్తుంది. మళ్లీ బల్బు పెట్టి చూస్తే ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య భగ్గుమంది. మన సీమలో ఎండాకాలం మట్టి ఎండిపోతే ఎర్త్ సరిగా పనిచేయదు, గరాటులో నీళ్లు పోస్తూ ఉండాలన్నాడు భాయ్. ఇప్పుడు మా అమ్మ పోసే చెంబుడు నీళ్లకు అర్థం వచ్చింది.

మోత దాదాపు పోయింది. మిగిలిన కాస్త కేబుల్ టీవీ తీగలోంచి వస్తోందని కనిపెట్టింది నేనే. టీవీకీ యాంప్లిఫయర్‌కీ మధ్య, కరెంటుతో కాకుండా వెలుతురుతో శబ్దాన్ని పంపే ఆప్టికల్ వైరు వేస్తే అదీ ఆగింది. నిన్న రాత్రి ఫ్యాను ఆపించి మరీ సైకో పెట్టా. కమాను ఆగితే నిజంగానే ఆగింది. మా అమ్మ పూజగదిలోంచి "ఆ కత్తులు నూరే మోత ఎప్పుడాపుతావురా?" అంది. అది వేరే సంగతి.

ఈరోజు పొద్దున కాంట్రాక్టరు మిగిలిన డబ్బుకు వచ్చాడు. ఆ మూరెడు పైపు ముక్క టీపాయ్ మీద పెట్టి లెక్క చేశా. గొయ్యి తవ్వకం, పైపు, బొగ్గు, ఉప్పు, తీగ, భాయ్ కూలీ, అన్నీ పట్టుకున్నా. అంతదాకా కిక్కురుమనలేదు. చివరి వరస చూసి "ఈ ఈఎన్‌టీ ఫీజేందన్నా?" అన్నాడు. రసీదు చూపించా.