60 చూపించిన మీటరు 120కి ఎగిరినప్పుడు: టెక్కలి క్వారీలో ఒక పొక్లెయిన్ రిపేరు

స్టార్టింగ్‌కి ఏ ఇబ్బందీ లేదు. తాళం తిప్పితే ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. కానీ పనిలో పెట్టాక ఐడిల్ దగ్గరే ఉండిపోతుంది. ఇంజిన్ వేగం పెంచే డయల్ చివరి దాకా తిప్పినా రేజు తీసుకోదు, మానిటర్ మీద కమ్యూనికేషన్ ఎర్రర్ వస్తుంది. తాళం తీసి కాసేపాగి పెడితే మళ్లీ బాగానే పనిచేస్తుంది. టెక్కలి దగ్గర నీలి గ్రానైట్ క్వారీలో పనిచేస్తున్న ఆ మిషన్ గురించి ఆపరేటర్ ఫోన్‌లో చెప్పిన మాట ఇది: "బండి బాగానే ఉంటాది అన్నియ్యా, హామర్ ఎయ్యగానే ఎర్ర లైటొచ్చి పడుకుండిపోతాది."

రాయి పగలగొట్టే ఆ హామర్ మాట నాకు ఎర్రర్ కోడ్ కన్నా ఎక్కువ పనికొచ్చింది. అదిరినప్పుడే వచ్చే జబ్బంటే ముందు వైరింగ్‌నే అనుమానించాలి.

నేను వెళ్లేసరికే వేరే వాళ్లు చూసి వెళ్లారు. స్కానర్ పెడితే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ పెట్టె, అంటే ఇంజిన్ కంట్రోలర్, కనబడలేదు, కోడ్ 639 వచ్చింది, కాబట్టి కంట్రోలర్ పోయింది, కొత్తది వెయ్యాలని తేల్చేశారు. లక్షల్లో మాట. ఓనరుగారు అడ్వాన్సు పంపడానికి సిద్ధంగా ఉన్నారు. నిజానికి 639 అనేది కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జె1939 నెట్‌వర్క్‌లో తేడా ఉందని చెప్పే నంబరు. కబురు అందడం లేదని కోడ్ చెబుతుంది గానీ, తప్పు కంట్రోలర్‌దేనని చెప్పదు.

లారీల పని నుంచి ఇటు వచ్చినవాళ్లకి ఇక్కడే తికమక. పాత మిషన్లలో డయల్ తిప్పితే మోటారో కేబులో వెళ్లి డీజిల్ పంపు లివరును లాగేది. ఈ మిషన్‌లో డయల్ ఇంజిన్‌తో నేరుగా మాట్లాడదు. అది మిషన్ కంట్రోలర్‌కి చెబుతుంది, ఆ కంట్రోలర్ రెండు సన్నని వైర్ల మీద ఇంజిన్ కంట్రోలర్‌కి కబురు పంపుతుంది. మానిటర్ కూడా ఆ రెండు వైర్ల మీదే ఉంటుంది. బాష్ కంపెనీ 1986లో కార్ల కోసం బయటపెట్టిన క్యాన్ పద్ధతే ఇది, పెద్ద బండ్లలో జె1939 పేరుతో నడుస్తోంది. కబురు అందకపోతే ఇంజిన్ ఆగదు, ఐడిల్‌లో ఆడుతూ ఉంటుంది. ఆడుతోందంటే కంట్రోలర్‌కి కరెంటు, ఎర్త్ అందుతున్నట్టే, ఇంజెక్టర్లని అది నడుపుతున్నట్టే. లోపల ఆ రెండు వైర్లు చూసే చిప్ ఒక్కటే పోయి ఉండొచ్చు, కాదనను. కానీ అది అన్నిటికన్నా చివర అనుకోవాల్సిన సంగతి.

ముందు తాళం ఆన్‌లో ఉంచి 9 పిన్నుల డయాగ్నస్టిక్ ప్లగ్ దగ్గర వోల్టేజ్ చూశాను. ఆ రెండు వైర్లలో ఒకదాన్ని హై, రెండోదాన్ని లో అంటారు: సీ పిన్ను హై, డీ పిన్ను లో. ఎర్త్‌కి పెడితే హై రెండున్నర వోల్ట్‌లకి కాస్త పైన, లో కాస్త కింద, రెండూ కలిపితే 5 దగ్గర. అంటే ఏ వైరూ బాడీకి గానీ 24 వోల్ట్‌లకి గానీ తగలడం లేదు. ఇక్కడ టెస్ట్ ల్యాంప్ మాత్రం వాడకూడదు. బల్బు లాగే కరెంటుకి ఆ లైన్ కుంగిపోతుంది.

తర్వాత తాళం తీసి, కంట్రోలర్లు నిద్రపోయేదాకా ఆగి, బ్యాటరీ కటాఫ్ వేసి అదే రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు చూశాను. లైను రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి, రెండూ పారలల్‌లో ఉంటాయి కాబట్టి కలిసి 60 చూపాలి. 60 చూపించింది. ఇక్కడ ఆగిపోయుంటే నేనూ కంట్రోలర్ మార్చమనేవాడినేమో. కానీ మిషన్ అప్పుడు కదలకుండా ఉంది, జబ్బేమో కదిలినప్పుడు వచ్చేది. హెల్పర్ గుంటడిని పైకి ఎక్కించి, క్యాబిన్ వెనక నుంచి ఇంజిన్ వైపు వెళ్లే హార్నెస్‌ని, అంటే వైర్ల కట్టని, జానెడు జానెడు చొప్పున పట్టుకుని ఊపమన్నాను. నేను మీటరు వదల్లేదు. పంపు గది గోడ దగ్గరున్న కనెక్టర్ పట్టుకోగానే మీటరు 120కి ఎగిరింది, వదిలితే 60కి వచ్చింది. మళ్లీ ఊపాడు, మళ్లీ 120.

"అదే, అక్కడే ఉండు!" అని అరిచాను.

120 అంటే మీటరుకి ఒక రెసిస్టరే కనబడుతోంది, అవతలి చివర తెగిపోయింది. ఈ మిషన్‌లో ఆ రెసిస్టర్ ఇంజిన్ వైపు హార్నెస్ చివర ఉంటుంది. దాంతోపాటు ఇంజిన్ కంట్రోలర్ కూడా లైను బయట పడిపోతోంది. స్కానర్‌కి అది కనబడకపోవడానికి కారణం అదే.

కనెక్టర్ విప్పితే లోపల రాతిపొడి, కొంచెం పచ్చ చిలుము. కానీ అసలు సంగతి అది కాదు. లో వైరు పట్టే ఆడ పిన్ను నోరు తెరుచుకుని ఉంది, లోపల గీత పడి ఉంది. ఎవరో చెకింగ్ కోసం లావుపాటి ప్రోబ్‌ని ముందు వైపు నుంచి గుచ్చారు. విడి మగపిన్ను ఒకటి తీసి ఒక్కో రంధ్రంలో పెట్టి లాగి చూశాను. మిగతావన్నీ పట్టుకున్నాయి, ఇది మాత్రం జారిపోయింది. ఎలుక కొరికిన వైరైతే కంటికి కనబడుతుంది గానీ, ఈ వదులు చేతికి తప్ప తెలియదు.

ఆ సైజు పిన్నులు టెక్కలిలో దొరకలేదు. విశాఖ ఆటోనగర్ నుంచి ఆర్టీసీ కార్గోలో తెప్పించాం. హై, లో రెండు పిన్నులూ మార్చి సరైన క్రింపర్‌తో నొక్కాను. ఆ రెండు వైర్ల మెలిక కనెక్టర్ దగ్గరిదాకా అలాగే ఉంచాను. బయటి కరెంటు గోల రెండు వైర్ల మీదా సమానంగా పడి కొట్టుకుపోవాలంటే ఆ మెలిక ఉండాలి. తెగితే మామూలు వైరు ముక్క సాగదీసి అతికించేవాళ్లని చాలామందిని చూశాను, రేపటి ఎర్రర్‌కి అదే విత్తనం. సీల్ పెట్టి, హార్నెస్‌కి క్లాంప్ కొత్తది బిగించాను. మళ్లీ ఊపించాను, 60 కదల్లేదు.

కోడ్లు చెరిపి హామర్ వేయించాం. రోజంతా రాయి కొట్టినా కొత్త కోడ్ రాలేదు. కంట్రోలర్ ఆర్డర్ రద్దు చేశాక ఓనరుగారు బిల్లు చూసి, "రెండు పిన్నులకి ఇంతేటి బావూ?" అన్నారు. పిన్నుల లెక్క పైన, వెతుకులాట లెక్క కింద విడివిడిగా రాసిచ్చాను. రెండోది కొంచెం తగ్గించమన్నారు, తగ్గించాను. బదులుగా బకెట్ పళ్లకి వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీ కటాఫ్ వేసి కంట్రోలర్ ప్లగ్గులు విప్పాలని క్యాబిన్ తలుపు మీద పెయింటుతో రాయించుకున్నాను.