ఎడమ వైపు బ్రేక్ లైటు

పడుకున్నదాన్ని లేచొచ్చి టైప్ చేస్తున్నా. లైటు సంగతి సాయంత్రమే తేలిపోయింది. సర్వీసింగ్ వాళ్ళిచ్చిన కాగితంలోని ఆ టిక్కే నిద్ర పట్టనివ్వడం లేదు.

మెహిదీపట్నం సిగ్నల్ దగ్గర ఒక బైకబ్బాయి అద్దం మీద టకటకా కొట్టాడు. "మేడం, ఎడమ దిక్కు బ్రేక్ లైట్ వస్తలేదు, జర చూస్కోండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. అలా కొట్టడం అప్పుడు నచ్చలేదు. ఎంత మంచి పని చేశాడో ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాక తెలిసింది. 60 వేగంలో సెకనుకి పదహారు మీటర్ల పైనే పోతాం. వెనకవాడికి మన కాలు బ్రేక్ మీద పడిందని తెలిసేది ఆ ఎర్రలైటుతోనే.

సెల్లార్లో కారు వెనక భాగం గోడకి దగ్గరగా పెట్టి బ్రేక్ తొక్కా. కుడివైపు ఎరుపు గోడ మీద పడింది, పైన అద్దంలోదీ వెలిగింది. ఎడమవైపు చీకటి. మూడూ పోతే ఫ్యూజునో, పెడల్ దగ్గరి స్విచ్‌నో అనుమానించాలి. రెండు వెలుగుతున్నాయి కాబట్టి ఆ రెంటి జోలికి పోలేదు. కుడి బల్బు తీసి ఎడమలో పెట్టినా వెలగలేదు. పైగా చిన్నోడు బ్రేక్ తొక్కుతుంటే పక్కనున్న ఇండికేటర్ నీరసంగా మినుకుమంటోంది. ఎర్త్, అంటే బల్బులోంచి కరెంటు కారు బాడీలోకి తిరిగెళ్ళే తీగ, పోయిందనడానికి అదే గుర్తు. కరెంటు బ్యాటరీకి తిరిగెళ్ళే దారి దొరక్క పక్క బల్బులోంచి దూరుతుంది.

ఈలోగా సర్వీసింగ్ వాళ్ళకి ఫోన్ చేశా. "అసెంబ్లీ మొత్తం మార్చాలి మేడం." అంటే ఆ వైపు లైటు డబ్బా మొత్తం. బండి చూడలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు! మొన్న వాళ్ళిచ్చిన కాగితం తీసి చూస్తే 'బయటి లైట్లు' ఎదురుగా నీట్‌గా టిక్కు.

మా నాన్నకి ఒక ఫియట్ కారు ఉండేది. ఊరికి బయల్దేరే ముందు అక్కనీ నన్నూ వెనక నిలబెట్టేవాడు. అక్కది ఎడమ, నాది కుడి. "వెలిగిందా?" "వెలిగింది నాన్నా!" రెండు గొంతులూ వినపడితేగానీ కదిలేవాడు కాదు. ఒకసారి కోదాడ దాటాక, రాత్రిపూట, లాంతరైనా లేని ఎడ్లబండి ఎదురుగా కనిపించి నాన్న గట్టిగా బ్రేక్ వేశాడు. వెనకే వస్తున్న లారీ కీచుమంటూ ఆగింది. తిరిగి చూస్తే వెనకద్దం నిండా దాని బంపరే. లారీ డ్రైవర్ దిగి తిట్టలేదు. "లైట్ కనపడింది సార్, అందుకే ఆపగలిగా" అన్నాడు. అమ్మ ఆ మిగతా దారంతా నా చెయ్యి వదల్లేదు. ఈ లైట్లు చూడ్డం ఆ తర్వాతే మొదలైంది.

వేలల్లో ఖర్చు చెప్పారని కోపం అనుకున్నా ఇందాకటిదాకా. డబ్బు కాదు, ఆ టిక్కు. ఇక్కడిదాకా వచ్చాక ఇంకో మాటా తోస్తోంది. వెనక నిలబడి చెప్పే మనిషిని ఇవ్వకుండా, గంటకిన్ని బండ్లు అని తరిమితే టిక్కు పెట్టిన కుర్రాడు మాత్రం ఏం చేస్తాడు? తరిమేవాళ్ళని అడగాలి.

కానీ గోడైతే ఉంది కదా అక్కడ కూడా! చూడకపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్యొచ్చు. ఖాళీగా ఉంటే ఆ రోజే నేను చూసుకునేదాన్ని. ఆ టిక్కుని నమ్మి పిల్లల్ని ఎక్కించుకుని తిరిగా.

గుజరాతీ గల్లీలో కొన్న, వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూశా. బాడీ ఇనుముకి ఆనిస్తే 12 వోల్టుల దాకా చూపించింది, సాకెట్ ఎర్త్‌కి పెడితే అంకె నిలబడలేదు. లోపలంతా పచ్చటి చిలుము. వారం పది రోజుల్లో పట్టేది కాదది. గరుకు కాగితంతో రుద్దితే లైటు వెలిగింది. వాననీళ్ళు దూరుతున్నది మాత్రం వెనక రబ్బరు సీలు దగ్గర. దానికి రాణిగంజ్ వెళ్ళాలి. వెళ్ళే దారిలోనే సర్వీసింగ్ వాళ్ళ దగ్గర ఆగి, ఆ కాగితం మేనేజరు ముందు పెడతా.